ఎటు పోతున్నరు బిడ్డా?

రాజమణికి అన్నిటికంటే పెద్ద భయం ఒకటే. కూతురు ఒళ్ళో ఉండగా కారు నడిరోడ్డు మీద ఆగిపోతుంది, వెనక నుంచి లారీ వస్తుంది.

ఆ భయం కారుతో పాటే ఇంట్లోకి వచ్చింది.

సెకండ్ హ్యాండ్ కారు. తెల్లది. ఎడమవైపు వెనక తలుపు మాత్రం మీగడలా కాస్త పసుపు. భర్త మహేందర్ రోజూ పొద్దున్నే పాప నందినిని బడిలో దింపి, అటునుంచి కిరాయిలకు పోతాడు. బడి దాకా రాజమణి కూడా వెళ్తుంది. పాపను ఒళ్ళో పెట్టుకొని కూర్చునేది ఆ పసుపు తలుపు పక్కనే.

చలి ముదిరాక లైట్లు మొదలయ్యాయి.

బండి స్టార్ట్ చేయగానే స్టీరింగ్ ముందు ఎర్రెర్రగా బొమ్మలు. ఎనిమిదో తరగతిలోనే చదువు మానిన రాజమణి ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కోవాలి గానీ, బొమ్మలు మాత్రం ఇట్టే గుర్తుపడుతుంది. డబ్బా. కొమ్ముచెంబు. గుండ్రంలో నిలబెట్టిన కర్ర, దాని కింద చుక్క. ఒకటి వెలిగితే ఇంకొకటి ఆరేది, లోపల ఎవరో కూర్చొని కళ్ళు ఆర్పుతున్నట్టు.

మెకానిక్ దగ్గరికి చేరేసరికి ఒక్కటీ ఉండేది కాదు.

"ఏం లేదన్నా, బండి మస్తుగుంది," అనేవాడు అతను.

లైట్లు వచ్చిన రోజే ముసలాయన కూడా వచ్చేవాడు.

ఎవరో తెలీదు. ఉప్పుగూడలో వాళ్ళ గల్లీ మలుపున, మూసిన దుకాణం అరుగు మీద, చెవులకు మఫ్లర్ చుట్టుకొని కూర్చునేవాడు. మొదటి రోజు లేచొచ్చి బానెట్ మీద చెయ్యి వేశాడు.

"బిడ్డా, చల్లటి పూట ఈ బండిని జల్ది తియ్యకు..."

"ఏంది పెద్దమనిషీ, నా బండి ముచ్చట నాకే చెప్తవా? చెయ్యి తియ్యి!" అన్నాడు మహేందర్.

తీశాడు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

అంతకంటే పాడు పని మొదలుపెట్టాడు. సరిగ్గా బండి కదిలే వేళకు వెనక నుంచి కేకేసేవాడు.

"ఎటు పోతున్నరు బిడ్డా?"

బయల్దేరేవాళ్ళను వెనక నుంచి అలా అడిగితే ఇంకేముంది? రాజమణి పాపను ఎత్తుకొని దిగిపోయేది. ఇంట్లోకెళ్ళి కాసేపు కూర్చొని, మంచినీళ్ళు తాగి, పాపకు తాగించి వచ్చేది. ఆపితే మళ్ళీ స్టార్ట్ కాదేమోనని మహేందర్ ఇంజన్ ఆన్‌లోనే ఉంచేవాడు.

వాళ్ళు తిరిగొచ్చేసరికి లైట్లు ఆరిపోయి ఉండేవి.

"చూసినవా? కూసొని నీళ్ళు తాగంగనే పోయినయ్," అనేది రాజమణి. "గా ముసలోని కన్నే మన బండి మీద. ఎండ జల్ది వచ్చిననాడు ఆయనా రాడు, లైట్లూ రావు. నువ్వే చూడు!"

మహేందర్ చూశాడు. నిజమే.

నందిని మాత్రం కిటికీలోంచి ఆయనకు టాటా చెప్పేది. ఆయన చెయ్యి సగం దాకా లేచి ఆగిపోయేది.

"అమ్మా, తాత నన్ను చూస్తలేడు," అంది ఒకరోజు. "నా పక్కన ఎవల్నో చూస్తుండు."

రాజమణి తిరిగి చూసింది. పాప పక్కన తలుపు తప్ప ఏమీ లేదు.

వెంటనే భర్తను కారు దింపి ఆయన దగ్గరికి పంపింది.

"ఇగో, రేపటి సంది ఈ గల్లీల కనబడ్డవంటె మంచిగుండదు," అన్నాడు మహేందర్.

"చలి తగ్గేదాంక ఉండనియ్యి బిడ్డా."

"చలైతే ఇంట్ల పండు!"

ముసలాయన మఫ్లర్ సవరించుకొని వెళ్ళిపోయాడు.

మర్నాడు మంచు కమ్మింది. అరుగు ఖాళీ. లైట్లు వెలిగాయి గానీ వెనక నుంచి ఎవరూ పిలవలేదు.

"ఇయ్యాల శకునం మంచిగున్నది, పోనియ్యి," అంది రాజమణి.

ఫలక్‌నుమా బ్రిడ్జి ఎక్కుతుండగా బొమ్మలన్నీ ఒక్కసారే వెలిగాయి. ఒక్కసారే ఆరాయి. ఇంజన్ కూడా.

వెనక హారన్.

రాజమణి పాప తలను కడుపులోకి అదుముకుంది. లారీ కారు పక్క అద్దాన్ని ఊడగొట్టుకుంటూ దూసుకుపోయింది.

అద్దమే పోయింది.

బ్రిడ్జి కింద షెడ్డు మెకానిక్ ప్రేమ్‌రాజ్ కారును తోయించుకొచ్చాడు. "రాత్రికి ఈడనే ఉంచుండ్రి. చల్లగున్నప్పుడు చూస్తెనే దొరుకుతది."

మర్నాడు పొద్దున వాళ్ళిద్దరికీ బ్యాటరీ నుంచి బండి ఇనుముకు బిగించిన నల్ల తీగ చూపించాడు.

"బోల్టు కింద తుప్పు. చలికి ముడుచుకొని పట్టు ఇడుస్తది, లైట్లు పిచ్చిపిచ్చిగ వెలుగుతయ్. ఇంజన్ వేడైతే మళ్ళ పట్టుకుంటది. ఇంట్లకు పోయి నీళ్ళు తాగి వచ్చేంత సేపు ఆగితే చాలు."

రాజమణి తీగ మీంచి తలెత్తింది. "నీళ్ళ ముచ్చట నీకెట్ల తెలుసన్నా?"

ప్రేమ్‌రాజ్ పసుపు తలుపు మీద చెయ్యి వేశాడు. "ఇది నేను ఎక్కించిన డోరే. పోయిన చలికాలం ఈ బ్రిడ్జి మీదనే ఆగితే లారీ గుద్దింది. అప్పుడు బండి పెంటయ్య అనే పెద్దమనిషిది. గుద్దకముందే లైట్లొస్తున్నయని మెకానిక్‌లందరికీ చూపెట్టిండు, ఎవరికీ దొరకలే. అమ్మినంక గూడ ఎవరు కొన్నరో దేవులాడుకుంట పోయిండు. మొన్న నవ్వుకుంట అన్నడు, 'బండి ముచ్చట చెప్తె ఇంటలేరు ప్రేమ్‌రాజ్, శకునమైతె ఆగి నీళ్ళు తాగొస్తున్నరు' అని."

"చెవులకు మఫ్లర్ కట్టుకుంటడా?"

"ఆయననే."

"యాడుంటడు?" అడిగాడు మహేందర్.

"కార్వాన్ దిక్కు. ఇల్లు నాకెరుక లేదు."

కార్వాన్ నుంచి ఉప్పుగూడకు, అంత దూరం, ఆ చలిలో.

అరుగు ఇప్పటికీ ఖాళీగానే ఉంది.

మీరెవరైనా పొద్దున్నే కార్వాన్ వైపు వెళ్తే, మఫ్లర్ చుట్టుకున్న పెంటయ్య అనే పెద్దాయన ఎలా ఉన్నాడో, తిన్నాడో లేదో ఒక్కసారి కనుక్కోండి; ఒకప్పుడు ఆ తలుపు వైపు కూర్చొని బడికి వెళ్ళింది ఆయన మనవరాలు.