పడవవాడికి ఒక ప్రశ్న

మధ్యాహ్నం చివరి పీరియడు కథల గంట. ఎనిమిదో తరగతి పిల్లలు బీరువాలోంచి నచ్చిన పుస్తకం తీసుకుని ఎవరిపాటికి వాళ్ళు చదువుకుంటారు. మాస్టారు ముక్కాలిపీట వెంట తిప్పుకుంటూ ఒక్కొక్కరి పక్కనా కాసేపు కూర్చుంటారు. గొంతు తగ్గించి అందరినీ ఒకటే అడుగుతారు.

"కథలో ఎవరినైనా ఒక్క మాట అడగొచ్చంటే, ఎవరిని ఏమడుగుతావు?"

"కథ బాగుంది సార్. చాలదా?" అన్నాడు అందరూ బుడంకాయ అని పిలిచే కుర్రాడు.

"బాగుందని హోటల్లో చెప్పరా. ఇక్కడ అడగాలి."

వాడు బుర్ర గోక్కున్నాడు. వాడు చదివింది పడవవాడి కథ. ఏటి మధ్యలో పడవ తిరగబడింది. ఎక్కినవాళ్ళంతా మునిగిపోయారు. పడవవాడొక్కడే ఈదుకుంటూ ఒడ్డుకు చేరాడు.

"సిగ్గులేదా అని అడుగుతా సార్. అసలు వాణ్ణి ఉరి తియ్యాలి."

కిటికీ పక్క బెంచీలో కొత్తపిల్ల తల ఇంకా కిందికి వంచుకుంది. ఆ పిల్ల ముందున్నదీ అదే కథ.

బడిలో చేరింది మొదలు ఆ పిల్ల నోరు విప్పలేదు. "ఇలా మూగిదానిలా కూర్చోడానికి బడెందుకు? మాన్పించి పనిలో పెడతా" అని తల్లి చెప్పేసింది.

ఆ పొద్దున్నే హెడ్మిస్ట్రెస్ మాస్టారిని గదిలోకి పిలిచి తలుపు వేసింది.

"ఆ పిల్ల తండ్రెవరో ఇప్పుడే తెలిసింది మాస్టారూ. కొండదారి బస్సు డ్రైవరు. కునుకు పట్టి లోయలోకి తోసేశాడు చూడండి, వాడే. జైల్లో ఉన్నాడు." ఆవిడ బల్ల మీది పేపర్‌వెయిట్ వైపే చూస్తోంది. "ఈ సంగతి మనిద్దరి మధ్యే ఉంటుంది. పిల్లని పక్క సెక్షన్‌కి మార్చేస్తాను. ఎవరికీ ఇబ్బంది ఉండదు."

మాస్టారు చాలాసేపు కళ్ళద్దాలు తుడుచుకున్నారు.

"వద్దు మేడం. నా క్లాసులోనే ఉండనివ్వండి."

ఇప్పుడు ముక్కాలిపీట కిటికీ పక్కకి చేరింది.

"నువ్వెవరిని అడుగుతావమ్మా?"

మాస్టారు తొందరపెట్టలేదు. బయట ఎవరో బకెట్ నీళ్ళు గుమ్మరించిన చప్పుడైంది.

"పడవవాణ్ణే," అంది చివరికి. వాడక తుప్పుపట్టిన తలుపులా ఉంది గొంతు.

"ఏమని?"

"ఇప్పుడు నిద్ర పడుతోందా అని."

మాస్టారి చెయ్యి పీట అంచుని గట్టిగా పట్టుకుంది.

"మరి, మునిగిపోయినవాళ్ళ ఇంట్లోవాళ్ళని?"

"వాళ్ళనేం అడగను సార్." పేజీ మూలని వేలితో మడిచింది. మళ్ళీ విప్పింది. "పడవవాడికి ఒక కూతురుందనుకోండి. వాళ్ళెవరూ ఆ పిల్ల పక్కన కూర్చోరు కదా."

గంట కొట్టారు. పిల్లలు బిలబిలమంటూ బయటికి పరిగెత్తారు. మాస్టారు లేవలేదు.

"ఇంకా రెండు పేజీలున్నాయి. చదువుకో తల్లీ. నేనిక్కడే కూర్చుంటా."

ఆ పిల్ల పేజీ తిప్పింది. కథ అయ్యాక పుస్తకం మూసి ఆయన చేతికిచ్చింది.

"రేపు వస్తావా?"

"వస్తా సార్. మా అమ్మతో నేనే చెప్తా."

సాయంత్రం మాస్టారు ఇంటి తాళం తీసి, లోయలో బస్సు సీటు కింద దొరికాయని పోలీసులు తెచ్చిచ్చిన తన భార్య చెప్పుల పక్కనే తన చెప్పులు విడిచి, లోపలికి వెళ్ళారు.