అయ్యప్ప గొంతు

రెండో ఆదివారం ఓపెన్ మైక్‌లో దుర్గాశ్రీనివాస్ మిమిక్రీకి నవ్వినవాళ్లు ముగ్గురే. వాళ్లలో ఒకరు పుష్పావతి టీచర్. ఆవిడ అందరికీ నవ్వుతుంది.

బందరులో మూతపడ్డ ఐసు ఫ్యాక్టరీని అద్దెకు తీసుకుని, రిటైరయ్యాక ఆవిడ పెట్టిన చోటు అది. పేరు 'గొంతుక'. పాట, కవిత, కూచిపూడి, మనసులో మాట, ఏదైనా సరే ఐదు నిమిషాలు. పేరు రాయించుకుంటే చాలు, ఎవరూ ఆపరు.

దుర్గాశ్రీనివాస్ సెల్‌ఫోన్ల షాపులో పనిచేస్తాడు. మూడేళ్లుగా ఒక్క నెలా మానకుండా ఇక్కడికి వస్తున్నాడు. యాప్ నొక్కితే ఎవరి గొంతైనా వస్తున్న రోజుల్లో ఈ విద్య ఎవరికి కావాలని ఈ మధ్య అతనికే అనిపిస్తోంది. ఇక మానేద్దామనుకుంటూనే ఆ రోజు మెట్లు దిగాడు.

కింద ఎండుచేపల గంప పక్కన ఒకామె నిలబడి ఉంది.

"బాబూ, ఎవరి గొంతైనా చేస్తావా?"

"వింటే చేస్తానండీ."

ఆమె ఫోను తీసి చేతికిచ్చింది. వాట్సాప్‌లో పదకొండు వాయిస్ మెసేజ్‌లు. 'అమా, కూరేంటి?' 'అమా, నాన్నకి చెప్పకు, సినిమాకెళ్తన్నా.' ఇరవై ఏళ్ల కుర్రాడి గొంతు. 'న' దగ్గర కాస్త తడబడుతుంది. మాట చివర చిన్న నవ్వు.

"నా కొడుకు అయ్యప్ప. గుజరాత్ బోట్లలో పనికెళ్లాడంట. గుడివాడలో రైలెక్కించొచ్చానన్నాడు వాళ్ల నాన్న. తొమ్మిది నెలలైంది. ఫోను లేదు, కబురు లేదు."

"పోలీసులకి చెప్పారా?"

"చెప్పాను. పెద్దోడేగా, పనికెళ్లాడు, వస్తాడులే అన్నారు."

ఆమె పేరు మహాలక్ష్మి. దివిసీమ చివర సముద్రం పక్క పల్లె. భర్త కోటిలింగం వేటకు వెళ్లడం మానేశాడట. అన్నం సరిగా తినడట. నిద్రలో లేచి కూర్చుంటాడట. తలుపు చప్పుడైతే చాలు, ఉలిక్కిపడతాడట.

"పిల్లాడి మీద బెంగండీ, పాపం" అన్నాడు దుర్గాశ్రీనివాస్.

ఆమె వంగి గంపలో చేపలు సర్దింది.

"వాడి గొంతు ఒక్కసారి ఆయన చెవిన పడాలి బాబూ."

"ఫోన్లో మాట్లాడమంటారా?"

"ఫోనొద్దు. ఇంట్లో అయితే ఆయన తట్టుకోలేడు. ఇక్కడే, నలుగురి మధ్య. వచ్చే నెల తీసుకొస్తాను."

దుర్గాశ్రీనివాస్ సరేనన్నాడు. ఇన్నాళ్లకి ఒక మనిషి తన గొంతు కావాలని వచ్చింది.

ఆ నెలంతా షాపులో, బాత్రూములో, బండి మీద అయ్యప్పే అయ్యాడు. వారానికోసారి మహాలక్ష్మి షాపు దగ్గరికి వచ్చేది. కళ్లు మూసుకుని వినేది. తప్పు దిద్దేది.

"అట్టా కాదు. 'నాన్నా' అనేటప్పుడు వాడు కొంచెం భయపడతాడు."

ఏం మాట్లాడాలో కూడా ఆమే చెప్పింది. నాలుగే మాటలు. చెబుతున్నప్పుడు ఆమె కంట నీరు లేదు. ఏడ్చి ఏడ్చి ఎండిపోయి ఉంటుందనుకున్నాడు.

ఒకసారి ఉండబట్టలేక అడిగాడు. "ఇది మోసం కాదాండీ? రేపు మీవాడు నిజంగానే ఫోను చేస్తే?"

"చేస్తే నీ కాళ్లకి దణ్ణం పెడతాను బాబూ" అంది.

అనుకున్న ఆదివారం సాయంత్రం వాన. అయినా నలభై మంది వచ్చారు. తెర సందులోంచి చూశాడు దుర్గాశ్రీనివాస్. ముందు వరసలో కోటిలింగం. ఎత్తైన మనిషి, ఇస్త్రీ చొక్కాలో కుంచించుకుపోయి ఉన్నాడు. మహాలక్ష్మి అతని పక్కన కూర్చోలేదు. అతని ముఖం కనిపించేలా గోడ దగ్గర బల్ల మీద కూర్చుంది.

"వీడియో తీస్తారు కదండీ?" అని ఆమె అడగడం వినిపించింది.

"ప్రతిదీ తీస్తామమ్మా" అంది పుష్పావతి టీచర్.

అక్షిత అనే కాలేజీ అమ్మాయి పాట అయిపోయింది. లైట్లు ఆర్పేశారు. దుర్గాశ్రీనివాస్ తెర వెనకాలే నిలబడి, చేతిలో మైకు నోటికి దగ్గరగా పెట్టుకున్నాడు.

"నాన్నా... నేను. అయ్యప్పని."

రేకుల మీద వాన ఒక్కటే.

"ఇక్కడ చలిగా ఉంది నాన్నా. ఒక్కణ్ణే ఉన్నా. నా మీద కోపం పోయిందా? వచ్చి నన్ను ఇంటికి తీసుకెళ్లు."

మాట చివర ఆ నవ్వు కూడా కుదిరింది. చీకట్లో ఎవరో వెక్కి ఏడ్చారు.

కుర్చీ పడిన చప్పుడు. తర్వాత అడుగులు, తడబడుతూ, స్టేజీ వైపు. కొత్తవాళ్లు మైకు దగ్గరికి వస్తే చప్పట్లు కొట్టడం గొంతుకలో అలవాటు. ఒకరు మొదలుపెట్టారు, అందరూ అందుకున్నారు. "రండి, మాట్లాడండి. ఏం పర్లేదు" అంటోంది పుష్పావతి టీచర్.

దుర్గాశ్రీనివాస్ కళ్లు తుడుచుకున్నాడు. ఆ తండ్రి తనను వాటేసుకుని ఏడుస్తాడు. ఏడిస్తే ఆయన గుండెలో భారం దిగిపోతుంది. తొమ్మిది నెలల తర్వాత ఈ పూటైనా అన్నం తింటాడు. తెర పక్కకి తీయడానికి చెయ్యి చాచాడు.

స్టేజీ మీది మైకులో ముందు కోటిలింగం ఊపిరి వినిపించింది. ఆ తర్వాత మాట.

"సరుగుడు తోటలో నిలువులోతు గొయ్యి తీసి నా చేతుల్తో పూడ్చానే నిన్ను, ఎట్టా మాట్లాడతన్నావురా?"