ఉప్పు లేదు

ట్యాంకు గోడ మీద వేలు రాసి, ఆ వేలు నోట్లో పెట్టుకున్నాడు ముసలాయన.

ల్యాబు ఆఫీసరు రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఛీ. ఏంటయ్యా ఆ పని?"

రంగుల ఫ్యాక్టరీలో ట్యాంకులు కడిగే మనిషి అతను. భుజాన ఎప్పుడూ ఓ తడిగుడ్డ ఉండేది గనుక అందరూ తడిగుడ్డ అనే పిలిచేవాళ్ళు. గోళ్ళ సందుల్లో, చెవుల వెనక, గడ్డంలో ఎండిన రంగు పొలుసులు.

తుపుక్కున పక్కకి ఉమ్మాడు.

"ఇంకో కడుగు పడాలి సార్. ఇంకా పోలేదు."

"నువ్వు చెప్తే నేను వినాలా? రేపు పెద్దసారు వస్తున్నారు. ఇందులో తయారయ్యే అయిదువేల లీటర్ల రంగూ ఆయన ముందు డబ్బాల్లోకి దిగాలి."

"అరగంటే సార్."

"జనం ఇళ్ళకి పూసుకునే సరుకులో నీ ఎంగిలి కలుపుతావా? నడువు. మళ్ళీ గేటు లోపల కనపడ్డావంటే బాగుండదు."

ముసలాయన ఏదో చెప్పబోయాడు. ఆఫీసరు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

అతను గుడ్డ పిండి, తీగ మీద ఆరేసి, వెళ్ళిపోయాడు.

అతన్ని ముట్టుకోకపోయినా ఆఫీసరు రెండుసార్లు సబ్బుతో చేతులు కడుక్కున్నాడు. తర్వాత రిజిస్టరు తెరిచి, 'కడిగిన నీటిలో ఉప్పు: లేదు' అని రాసి సంతకం గీకాడు. పదకొండేళ్ళుగా రాస్తున్న మాటే. ఇన్నేళ్ళలో ఒక్క బ్యాచ్ కూడా పాడవలేదు. రేపు పెద్దసారు తనకి మేనేజరు కుర్చీ ఇవ్వబోయేది అందుకే.

మధ్యాహ్నం, ట్యాంకులోకి సరుకు దించిన కాసేపటికి, మేస్త్రి పరుగున వచ్చాడు.

"సార్, సరుకు విరిగిపోయింది."

మూత తీస్తే, చిక్కటి పాలలా ఉండాల్సిన, రంగుకి పట్టునిచ్చే యాక్రిలిక్ ద్రవం గడ్డలు గడ్డలుగా తేలుతోంది. అచ్చం ఎవరో కక్కినట్టుంది. ఆఫీసరు మొహం తిప్పుకున్నాడు.

"ఉప్పు తగిలింది సార్," అన్నాడు మేస్త్రి.

ఆ సంగతి ఆఫీసరుకీ తెలుసు. ఆ పాలలోని కంటికి కనపడని రేణువులు ఒకదాన్నొకటి దూరం నెట్టుకుంటున్నంతసేపే అది పాలు. ఉప్పు చేరితే ఆ నెట్టుడు చచ్చిపోయి, ఒకదాన్నొకటి కరుచుకుంటాయి. అందుకే ఉప్పటి బోరునీళ్ళతో కడిగిన ట్యాంకుని మళ్ళీ మంచినీళ్ళతో, ఉప్పు జాడ పోయేదాకా కడగాలి.

పోయిందో లేదో చూసే మీటరు ల్యాబు అలమారలో ఉంది. వెళ్ళి తీశాడు. దానికి చుట్టిన ప్లాస్టిక్ సంచి ఇంకా చింపనేలేదు.

"తడిగుడ్డని పిలు," అన్నాడు మెల్లగా.

"బస్సెక్కి పోయాడు సార్."

"ఎక్కడుంటాడు?"

"ఎవరమూ అడగలేదు సార్. అసలు పేరు కూడా తెలీదు."

ఆఫీసరు రిజిస్టరు ముందు కూలబడ్డాడు. ఈసారి తన మీద తనకే అసహ్యం వేసింది.

పదకొండేళ్ళుగా తను సంతకం పెట్టిన ప్రతి పరీక్షా చేసింది ఆ ముసలాయన నాలుకే.