సరిహద్దు దాకానే

భార్యను చంపి ఓక్లహోమా నుంచి పారిపోయిన పెల్, పక్క రాష్ట్రం కాన్సస్‌లో దొరికాడు. ఓక్లహోమాకి తనంతట తానే తిరిగి వస్తానని సంతకం పెడితే వారంలో తెచ్చేసేవాళ్లు. పెట్టనన్నాడు. దాంతో ఇద్దరు గవర్నర్ల సంతకాలు అయ్యేసరికి చలికాలం వచ్చేసింది. కాన్సస్ జడ్జి చంపావా అని అడగలేదు. కాగితంలో ఉన్న మనిషివి నువ్వేనా అని మాత్రం అడిగి పంపించేశాడు.

తీసుకుపోవడానికి వచ్చిన ఓక్లహోమా ముసలి పోలీసు స్ట్రౌడ్‌కి కారు నడిపి నడిపి నడుం విరిగిపోతోంది. రోడ్డుకి రెండువైపులా చీకటి. కారు చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

"సార్, దండం పెడతా, వెనక్కి తిప్పండి. అక్కడే ఉరి తీసేయమనండి." వెనక సీట్లోంచి ఏడుస్తున్నాడు పెల్.

"పడుకోరా నాయనా. నీ గోలతో నన్నూ చంపకు."

"కోర్టంటే భయమా నాకు? కాన్సస్‌లో ఉన్నన్నాళ్లూ లోరీన్ నా జోలికి రాలేదు సార్. మీకు లాగే దానికీ అక్కడ అధికారం లేదు."

"చచ్చిన పెళ్లానికి కూడా సరిహద్దులేంట్రా?" స్ట్రౌడ్ నవ్వబోయాడు. ఓపిక లేక సగంలో మానేశాడు.

ఓక్లహోమా సరిహద్దు బోర్డు లైట్ల వెలుగులో మెరిసి వెనక్కి పోయింది.

పెల్ ఏడుపు ఠక్కున ఆగింది. ఎవరో ఎక్కి కూర్చున్నట్టు కారు వెనకవైపు కాస్త కుంగింది. గొలుసులు ఈడ్చుకుంటూ పెల్ తలుపు వైపుకి జరుగుతున్నాడు.

"జరిగాను కదే," అన్నాడు మెల్లగా. "ఇంకెక్కడికి జరగమంటావు?"

స్ట్రౌడ్ చెయ్యి పైనున్న అద్దం మీదికి పోయింది. వెనక సీటు కనబడకుండా దాన్ని పైకి తిప్పేశాడు. జైలు ఇంకా గంట దూరం.