గొంతు బుద్ధుడు

చెప్పాలా, మానాలా? చేతిలో వెదురు పుల్లలు పట్టుకున్న నిషియురాకి ముచ్చెమటలు పోస్తున్నాయి. ఊళ్ళో పేరున్న ఎముకల డాక్టరు. అయినా దహనశాలలో కురెసాకి మాస్టారి అస్థికల ముందు మళ్ళీ ఆరో తరగతి పిల్లాడైపోయాడు.

“కాళ్ళ దగ్గర్నుంచి మొదలుపెట్టండి. కుండలో మనిషి తలకిందులు కాకూడదు గదా,” అన్నాడు తెల్ల చేతితొడుగుల ఉద్యోగి.

మాస్టారి భార్య ఫుమియే ఒకవైపు, నిషియురా ఇంకోవైపు ఆచారం ప్రకారం ఒకే ఎముకని పుల్లలతో పట్టుకుని కుండలో వేస్తున్నారు. ఆ దంపతులకి పిల్లల్లేరు, శిష్యులే పిల్లలు. పాదం ఎముక అందుకోగానే నిషియురాకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. అరికాళ్ళకి చక్కిలిగింతలు పెడుతూ పాదానికి ఇరవయ్యారు ఎముకలని లెక్కపెట్టించిన మనిషి! కాగితం సంచులు ఊదించి ఊపిరితిత్తులు చూపించాడు. మధ్యాహ్నం అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటే చాలు, పక్కన చేరి “ఇప్పుడెక్కడిదాకా వెళ్ళిందిరా అది?” అంటూ పేగుల చివరిదాకా నడిపించేవాడు. ఎంత మంచి రోజులవి!

మొన్న ఆసుపత్రి మంచం మీద కూడా అదే ధోరణి.

“ఒరేయ్, రేపు నా మెడ ఎముక చూపించి ‘గొంతు బుద్ధుడు’ అంటారు. కంఠమణే అలా మిగిలిందని మనవాళ్ళ భ్రమ. కంఠమణి మెత్తటి ఎముకరా, మంటకి ఆగుతుందా? అది మెడలో రెండో పూస. అందరిముందూ గట్టిగా చెప్పు. అదే నా ఆఖరి పాఠం.”

“తప్పకుండా చెప్తాను మాస్టారూ,” అని చేతిలో చెయ్యేసి మాటిచ్చాడు నిషియురా.

ఆ ఘడియ రానే వచ్చింది. ఉద్యోగి చిన్న ఎముకని అరచేతిలోకి తీసుకున్నాడు. “ఇదిగోనండీ, గొంతు బుద్ధుడు. చేతులు జోడించి కూర్చున్నట్టే ఉన్నాడు. ఇంత చక్కగా మిగలడం అరుదు.”

నిషియురా గొంతు సవరించుకున్నాడు. “అది... అసలు...”

ఫుమియే తలెత్తింది. కళ్ళనిండా నీళ్ళు. “చూశావా నాయనా? నలభయ్యేళ్ళు పాఠాలు చెప్పిన గొంతు. మంట కూడా ముట్టుకోలేదు.”

“అవునమ్మా,” అన్నాడు నిషియురా. బుద్ధుడు కుండలోకి వెళ్ళాడు, పైన మూత పడింది. మాట తప్పాను మాస్టారూ, అనుకున్నాడు నిషియురా.

బయట కారులో ఫుమియే తెల్లగుడ్డ చుట్టిన కుండని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

“రెండో పూస అని చెప్పలేదేంరా?”

నిషియురా తెల్లబోయాడు. “అమ్మా! మీకు తెలుసా?”

“ఆయనతో యాభయ్యేళ్ళు కాపురం చేశాను, ఆ మాత్రం తెలీదూ? నా ముందు నువ్వు నోరు విప్పవని ఆయన, విప్పుతావని నేను పందెం వేసుకున్నాం. నేను ఓడిపోతే రోజూ సాయంత్రం ఆయన ఫోటో ముందు సాకే సారా పొయ్యాలి. కాలేయం పాడవుతుందని పన్నెండేళ్ళు ఒక్క చుక్క ముట్టనివ్వలేదు కదా, అదీ ఆయన కక్ష!”

“అయ్యో, నా మూలాన ఓడిపోయారన్నమాట!”

“నీ మూలాన ఏంట్రా, పిచ్చి సన్నాసీ! నువ్వు చెప్పేసేలా ఉన్నావనే కదా, ఆ పూసని పట్టుకుని గొంతూ గొంతూ అని నేను ఏడ్చింది!”