మెటికలు విరిచిన రోజు

పొద్దున్నే షెడ్లోకి రాగానే మిషన్ ఎవరి చేతి కొలతకి వాళ్లకి పల్చటి రబ్బరు తొడుగు అచ్చేసి ఇస్తది. దాంట్లో నరాల్లాంటి తీగలుంటాయి. చేతికి తోలుకిమల్లే అతుక్కుని సాగుతది. మిరపకాయ తొడిమ తుంచే వేలు కాస్త నెమ్మదించిందా, చురుక్కున పొడుస్తది. గుంటూరు మిర్చి షెడ్లలో ఇప్పుడు అందరి చేతులూ ఇంతే. మంచినీళ్లకి లేవాలన్నా భయమే. మొన్న దానమ్మ దాహంతో కళ్లు తిరిగి పడిపోతే కాయలొచ్చే బెల్టు ఆగనైనా ఆగలేదు.

ఇయ్యాల నా పక్కన తొడిమలు తుంచే సరోజిని తన మనవరాలిని షెడ్డుకి తెచ్చి చూపించింది. ఆ బుగ్గలు చూసి ఉండబట్టలేక, పిల్ల మొహం మీదుగా చేతులు తిప్పి నా కణతలకి ఆనించి మెటికలు విరిచా.

"వేళ్లు విరిగాయి!" అని తొడుగు అరిచింది. బెల్టు టక్కున ఆగిపోయింది.

సూపర్‌వైజర్ ఫణీంద్ర పరిగెత్తుకొచ్చి నా వేళ్లు చూశాడు. అన్నీ బాగానే ఉన్నాయి.

"ఇకనించి షెడ్లో ఎవరూ మెటికలు విరవకూడదు," అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. మనిషి పడితే ఆగని బెల్టు మెటికలకి ఆగిందా?

"ఎండనపడి వచ్చావు, నీకే దిష్టి తగిలినట్టుంది నాయనా," అని అతని మొహం మీదుగా చేతులు తిప్పి పటపటా విరిచా. దానమ్మ లేచి తనూ విరిచింది. ఆ వెనకే షెడ్డంతా లేచింది. బెల్టులన్నీ నిలబడిపోయాయి.

"ఏం చేస్తున్నారు మీరంతా?" అని అరిచాడు.

"దీవిస్తున్నాం నాయనా. మంచినీళ్లకి వదిలేదాకా దీవిస్తానే ఉంటాం."