నడిమిట్లది నువ్వు చెప్పు

"ఈ మందు ఇక పనిచేయట్లేదు పెద్దాయనా. మార్చేద్దాం" అన్నాడు డాక్టర్.

ప్రకాశ్ హనుమకొండలోని ఆ కంటి దవాఖానకు నెలనెలా వస్తూనే ఉన్నాడు. ఎడమ కంట్లో సూది వేయించుకుంటూనే ఉన్నాడు. కుడి కన్ను ఎప్పుడో పోయింది. మిగిలింది ఈ ఒక్కటే.

డాక్టర్ స్కాను ఇటు తిప్పి చూపించాడు. "కంటి వెనక పొరలో నీరు ఇంకా అట్లనే ఉంది. చూపు మధ్యలో పోతున్నది అందుకే. కొత్త మందు వేసి చూద్దాం. ఇది కూడా పట్టకపోతే..."

మిగతాది ఆయన చెప్పలేదు. ప్రకాశ్ భార్య ఎస్తేరు అడగలేదు. అడిగి తెలుసుకునేంత ధైర్యం ఆమెకు లేదు.

"ఏం పని చేస్తావు?" అన్నాడు డాక్టర్.

ప్రకాశ్ నోరు తెరిచేలోగా ఎస్తేరు అందుకుంది. "ఎవుసం సార్. జరంత పొలం ఉన్నది."

"అయితే ఓ వారం పొలం ముఖం చూడకు. దుమ్ము పడొద్దు. ఇంటిపట్టునే ఉండు. ఎట్లుందో రేపు మావాళ్లు ఫోన్ చేసి కనుక్కుంటారు."

"గట్లనే సార్" అంది ఎస్తేరు, బుద్ధిగా.

ప్రకాశ్‌కు చూపు పూర్తిగా పోలేదు. వచ్చిన చిక్కంతా అదే. అంచులన్నీ కనిపిస్తాయి. చెట్లు, కరెంటు స్తంభాలు, ఇళ్ల గోడలు కాస్త వంకరగానైనా కనిపిస్తాయి. ఎటు చూస్తే అటు, సరిగ్గా నడిమధ్యలో మాత్రం ఓ బూడిద రంగు మరక. ఎదుటి మనిషిని చూస్తే చెవులుంటాయి, భుజాలుంటాయి, ముఖం ఉండదు. అందుకే తల పక్కకు తిప్పి ఓరగా చూస్తాడు. కొడకండ్లలో జనం దాన్ని పొగరనుకున్నారు. అనుకోనీ. నిజం తెలియడం కన్నా అదే నయం.

ఆ నిజం ఎస్తేరుకు తప్ప ఊళ్లో ఎవరికీ తెలియదు. రెండో కన్ను మసకబారిన నెలలోనే ఆమె కూడా ఆయన పనిచేసే చోటే పనికి కుదిరింది. "ఈ వయసుల గింత ప్రేమేందక్కా, ఇడిసి ఉండలేవా?" అని తోటివాళ్లు ఆటపట్టించారు. ఎస్తేరు నవ్వి ఊరుకుంది. ఆ నవ్వు వెనక ఎంత వణుకు ఉందో ఎవరు చూడొచ్చారు!

తిరుగు ప్రయాణంలో ప్రకాశ్ మెల్లగా అన్నాడు. "కొన్నొద్దులు పని బంజేస్త ఎస్తేరు. నాకు భయమైతాంది."

"ఎందుకు బంజేసినవని అడుగుతరు. తెలిస్తె మల్ల గడప తొక్కనియ్యరు. కొత్త సూది పట్టేదాక జర ఓర్చుకో. నేనున్న గద."



మర్నాడు పొద్దున్నే ఇద్దరూ పనికి బయల్దేరారు. బండి ఎక్కేముందు ఎస్తేరు కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంది. రోజూ చేసుకుంటుంది. ఆ రోజు ఇంకాస్త ఎక్కువసేపు చేసుకుంది. ప్రకాశ్ ఎడమ కంట్లో ఎర్రజీర ఇంకా తగ్గలేదు.

ముందు ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. పెద్దవంగర దారి పట్టేసరికి బండి నిండిపోయింది. వెనక ఒకటే గోల. ఎండ ఎదురుగా కళ్లలోకి కొడుతోంది.

"అంచులు నేను చూసుకుంట. నడిమిట్లది నువ్వు చెప్పు" అన్నాడు ప్రకాశ్.

రోజూ అనే మాటే. ఎస్తేరు రోజూ చెబుతుంది, విసుగన్నది లేకుండా.

"ట్రాక్టర్ ఎదురొస్తాంది... ఆ, పోయింది. ఎడమ దిక్కు వడ్లు ఆరబోసిన్రు. సుట్టూ రాళ్లు పెట్టిన్రు."

"ఎంత దూరం?"

"మోరీ దాక."

కోతలయ్యాయంటే ఆ దారిలో సగం రోడ్డు కళ్లమే. కాదనేవాడు లేడు. మోరీ, అదే ఆ చిన్న కల్వర్టు, దాటితే కొమురవ్వ వడ్లు. ఆమె వాటిని కాళ్లతో తిరగేస్తూ రోడ్డు మీదే తిరుగుతుంటుంది. ముసలిది, పైగా చెవుడు. పక్క నుంచి లారీ పోయినా తల ఎత్తదు. ఆ దారిన పోయేటప్పుడు ప్రకాశ్ ఆమె సంగతి అడగని రోజు లేదు.

"కొమురవ్వ ఉన్నదా?" అన్నాడు.

"ఇంక రాలే. మోరీ కాడ్నే ఉన్నం."

అంతలో ఎస్తేరు ఫోన్ మోగింది. దవాఖాన వాళ్లు. నిన్న కొత్త సూది వేయించుకున్న ప్రకాశ్ ఎలా ఉన్నాడని, నొప్పి ఉందా, ఎరుపు ఉందా అని అడుగుతున్నారు. పాపం, మంచివాళ్లు. ఎస్తేరు వెనక గోల వాళ్లకు వినిపించకుండా కిటికీ వైపు తిరిగి, కొంగు అడ్డం పెట్టుకుంది.

"మంచిగనే ఉన్నడు మేడం... లే మేడం, ఎటూ పోలే. ఇంట్లనే పండుకున్నడు."

"ఎస్తేరు, కొమురవ్వ ఉన్నదా?"

ఆగమన్నట్టు ఎస్తేరు చెయ్యి ఎత్తింది. ప్రకాశ్ ఆమె వైపు తిరిగి చూశాడు. ఆ చెయ్యి సరిగ్గా మరకలో పడి మాయమైపోయింది.

"ఉన్నదా, లేదా?"

"ఈ కొత్త మందుతోని సూపొస్తది గద మేడం?" ఎస్తేరు ఫోన్‌లో బతిమాలుతోంది.

సరిగ్గా అప్పుడే వెనక సీట్లలోని బడిపిల్లలందరూ ఒక్కసారే కేక పెట్టారు: "డ్రైవర్ తాతా, బ్రేకెయ్యి, ముందల అవ్వ!"